ఎక్స్ అక్షర వైభవం

ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు. వాటిలో ఇరవై అయిదు పుస్తకాల్లోనూ, బోర్డుల మీదా ఎలాగో బతుకుతున్నాయి. మిగిలిన ఒక్క అక్షరమూ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాస్తవ్యుల గోడల మీద ఎర్రరంగుతో వెలిసి వారిని తరింపజేయాలని 1996లో రోడ్ల వెడల్పు విభాగం వారు తీర్మానించినట్లు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ అక్షరం ఎక్స్. అది పడ్డ గోడను రోడ్డు కోసం కూలగొడతారు.

ఈ మహత్కార్యానికి కురుమయ్యను రోజుకూలీ మీద నియమించారు. అతను పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకొచ్చి పదేళ్లయింది. ఈ పదేళ్లలో ఊరంతా మేడలు కట్టాడు. తాను మాత్రం అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో, భార్య ఎంకమ్మతో ఒక రేకుల గదిలో ఉంటాడు. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఈ ఉద్యోగానికి అదే ముఖ్య అర్హత అయింది. చదువుకున్నవాడైతే గోడ మీద తాను ఏం రాస్తున్నాడో ఆలోచించే ప్రమాదం ఉందని విభాగం వారికి తెలుసు.

ఓవర్సీయర్ రాఘవేందర్ అతని చేతికి రంగు డబ్బా, బ్రష్షు ఇచ్చి, పూర్తి విద్యాభ్యాసం అరనిమిషంలో ముగించాడు. "ఇగో, ఇట్ల ఒక గీత, అట్ల ఒక గీత. ఇంటు మార్కు. నేను చూపిచ్చిన గోడ మీద ఏస్కుంట పో. ఎందుకు, ఏంది అని అడుగకు."

కురుమయ్య అడగలేదు. ఇటుకలు మోసిన చేతికి బ్రష్షు తేలిగ్గా ఉంది. నాలుగు రోజుల్లో చెయ్యి తిరిగింది. రెండు గీతలూ సమానంగా, నడిమధ్యన కలిసేలా వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకునేవాడు. తన జీవితంలో ఒక పనిని అంత ముచ్చటపడి చేయడం అదే మొదటిసారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే అశోక్‌నగర్ వాసి, రిటైర్డు ఇంగ్లీషు లెక్చరర్ సూర్యప్రకాశరావుగారు ఎక్స్ అక్షరం పుట్టుపూర్వోత్తరాల మీద ఒక గ్రంథం రాస్తున్నారు. ఒక ఉదయం ఆయన ప్రహరీ మీదే ఎక్స్ పడింది. పండితులు కనుక ముందు దాని పొంకాన్ని మెచ్చుకుని, ఆ తర్వాత గుండె పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఆయన బావమరిది ఒక పెద్ద ఆఫీసులో ఉన్న సంగతి విభాగం వారికి గుర్తొచ్చింది. సాయంత్రం కురుమయ్యే వచ్చి రెండు పూతల సున్నం కొట్టి పోయాడు.

కానీ రోడ్డు వెడల్పు కావాలి కదా. అందుకని ఎక్స్ పక్కింటికి కదిలింది. పక్కిల్లు కోచింగ్ సెంటరు. లోపల రేపటి అధికారులు రెండు వందలమంది చదువుకుంటున్నారు. ఇవాళ వాళ్ల గోడ మీద ఎక్స్ వేస్తే, రేపు వాళ్లు ఎవరి మీద వేస్తారో! సున్నం. తర్వాతది మిఠాయి దుకాణం. విభాగం వారి సమావేశాలన్నిటికీ లడ్డూలు వెళ్లేది అక్కడి నుంచే. సున్నం. ఆ పైది ఒక కంట్రాక్టరు మేడ. ఆయన ఒక్కపూటలో గోడకు దేవుడి బొమ్మ పలకలు అతికించి, ఎక్స్‌కు కొబ్బరికాయ కొట్టించాడు. దాన్ని చెరిపితే మహాపాపమనీ, కూల్చితే ఇంకా పాపమనీ ఇంజనీర్లు రాతపూర్వకంగా అభిప్రాయపడ్డారు. నక్షా మీద రోడ్డు అష్టవంకరలు తిరిగింది. దానికి శాస్త్రీయమైన వంపు అని పేరు పెట్టారు.

ఇంతలో రావుగారి గ్రంథావిష్కరణ సభ చిక్కడపల్లిలో జరిగింది. "సోదర సోదరీమణులారా!" అని ఆయన గొంతు సవరించుకున్నారు. "ఎక్స్ సామాన్యమైన అక్షరం కాదు. గ్రీకుల నుంచి వచ్చింది. రోమనులకు పది అంకె. బీజగణితంలో తెలియని రాశి. వైద్యుడికి ఎముకలు చూపించే కిరణం. రైలు చివరి పెట్టె వెనక నిలబడి, బండి మొత్తం వచ్చేసిందని స్టేషను మాస్టరుకు అభయమిస్తుంది. మన నారాయణగూడ చౌరస్తాను ఎక్స్ రోడ్స్ అని గౌరవించింది కూడా ఈ అక్షరమే. ఇంత సేవ చేసినా, నిఘంటువులో దీనికి ఇచ్చిన చోటెంత? ఒక్క పేజీ!" ఈ అన్యాయానికి సభ నిలువెల్లా చలించింది.

ముఖ్య అతిథిగా వచ్చిన అక్షరాస్యతాధికారికి మరో బాధ ఉంది. ఆ వార్డులో కొత్త అక్షరాస్యుల సంఖ్య లక్ష్యానికి ఒకటి తక్కువైంది. రాఘవేందర్ సమయస్ఫూర్తితో బయట నిలబడ్డ కురుమయ్యను వేదిక మీదికి తోశాడు. నల్లబోర్డు మీద కురుమయ్య ఎక్స్ రాశాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. శాలువా కప్పి, అతను నేటి నుంచి అక్షరాస్యుడని ధ్రువపత్రం ఇచ్చి, నిరక్షరాస్యుల జాబితాలో అతని పేరు కొట్టేశారు.

వారం తిరిగేసరికి ఆ వంపుల రోడ్డుకు సున్నం కొట్టించుకోలేని గోడలు దొరికాయి. అవి నాలా పక్క బస్తీలోని నలభై గదులు. రాఘవేందర్ చూపించుకుంటూ వచ్చాడు, కురుమయ్య వేసుకుంటూ వచ్చాడు. ముప్పై తొమ్మిది అయ్యాక అతని బ్రష్షు ఆగింది.

"సారూ, ఇది నా ఇల్లు."

"నాకు తెల్వదా? అందుకే ఆఖర్ల పెట్టిన. నువ్వు ఏయకుంటే ఇంకోడు ఏస్తడు. పడేదెట్లయిన పడ్తది, నీ కూలి గూడ పోతది. జర సోంచాయించు."

కురుమయ్య వేశాడు. అలవాటైన చెయ్యి దాన్ని అన్నిటికన్నా అందంగా వేసింది. అందుకు అతనికి చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు బస్తీవాళ్లంతా అర్జీ రాయించి, కింద వేలిముద్రలు వేసి, కురుమయ్యను ఆఫీసుకు పంపారు. రాఘవేందర్ కాగితం చూసి నొచ్చుకున్నాడు. "అందరివి సరే, నువ్వేందే ఏలిముద్ర ఏసినవ్? సర్కారు నిన్ను సదువుకున్నోడని రాసిచ్చింది. సంతకం జెయ్యాలె. లేకుంటే అర్జీ చెల్లది."

కురుమయ్యకు వచ్చింది ఒక్కటే అక్షరం. అర్జీ కింద అదే రాశాడు.

అధికారులు కూర్చుని, అర్జీ మీది సంతకాన్ని గోడల ఫోటోలతో పోల్చి చూశారు. దస్తూరి ఒక్కటే. బస్తీలో ఏకైక అక్షరాస్యుడు తన ఇంటితో సహా నలభై ఇళ్ల కూల్చివేతకు స్వహస్తాలతో, ఎర్రరంగుతో, బహిరంగంగా సమ్మతి తెలిపినట్లు ఫైలులో నమోదైంది. ఇంత స్పష్టమైన ప్రజామోదం విభాగం చరిత్రలోనే లేదట.

కురుమయ్య రావుగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన ఓపిగ్గా విని, కళ్లజోడు తుడుచుకుని, "ఎంత అపురూపమైన ప్రయోగమయ్యా! గ్రీకులకు కూడా తట్టలేదు. రెండో ముద్రణలో తప్పకుండా చేరుస్తాను" అని హామీ ఇచ్చారు.

ఇళ్లు కూలగొట్టే మిషను వచ్చిన పొద్దున ఎంకమ్మ గిన్నెలు శాలువాలో మూటకట్టుకుంటూ మొగుడి వంక చూసింది. "ఒక్క అచ్చరం నేర్సినందుకే నలభై ఇండ్లు పాయె. అన్ని నేర్సింటే ఊరే మిగలకపోతుండె గదయ్యా!" అంది. కురుమయ్య ఏడ్చాడు. ఏ రకంగానూ సమర్థించుకోలేక, అందరి ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాడు. నలభై కుటుంబాలు ఊరి చివరికి పోయాయి.

పది రోజులకు అశోక్‌నగర్ కాలనీలో కలకలం రేగింది. గిన్నెలు తోమే మనిషి లేదు, వాకిలి ఊడ్చే మనిషి లేదు. పేదలను ఇంత నిర్దయగా దూరం చేయడం అమానుషమని పెద్దమనుషులు వెంటనే ఒక అర్జీ తయారుచేశారు. బస్తీని మళ్లీ దగ్గర్లోనే, పొద్దున్నే ఆరింటికి నడిచి రాగలిగినంత దూరంలో, కిటికీలోంచి మాత్రం కనబడకుండా ఏర్పాటు చేయాలని కోరారు. ఎవరూ వేలిముద్ర వేయలేదు. అందరూ ఇంగ్లీషులో, పొడుగ్గా, తోకలు తిప్పి సంతకాలు చేశారు. మీ సంతకం కూడా ఉంది. దస్తూరి చాలా బాగుంది.