బిందెల బడి

ఆ బుధవారం ఉదయం మాలకొండయ్య ముందున్న పని ఏమంత పెద్దది కాదు. పది గంటలలోపు ఒక బడి, ఒక కమ్యూనిటీ హాలు, ఒక ఆటస్థలం సిద్ధం చేయాలి. పదింటికి వచ్చే టౌన్ ప్లానింగ్ మేడంకి వాటిని చూపించాలి. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు చైన్‌మన్‌గా నేల కొలిచే గొలుసు లాగి రిటైరైన మనిషికి రెండున్నర ఎకరాల ఖాళీ నేల ఒక లెక్కా?

రాష్ట్రం విడిపోయి అప్పటికి రెండేళ్ళయింది. మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్ళే దారిలో ఐదంతస్తుల బ్లాకులు ఎనిమిది లేచాయి. చుట్టుపక్కల అంతకంటే ఎత్తయినవి లేవు కనుక, వాటిలో ఉండేవాళ్ళు తాము ఆకాశంలో ఉంటున్నామనే అనుకునేవారు, లిఫ్టు పనిచేయని రోజుల్లో మరీను. బ్లాకుల నడుమ బడికని వదిలిన చోటు మాత్రం ఖాళీగా అలాగే పడి ఉంది. పోయిన నెల దాని మీద ఒక నివేదిక వచ్చింది. ఈ కాలనీలో బడి ఈడు పిల్లలు కనిపించలేదనీ, ఆ స్థలాన్ని పలకల లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేయవచ్చనీ దాని సారాంశం. ఆ నివేదిక రాసినాయన కాలనీకి వచ్చింది పగలు పదకొండింటికి. పిల్లలంతా ఏడున్నరకే ఆటోల్లో కుక్కుకుని ఊళ్ళోకి పోతారన్న సంగతి ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అలా పోయేవాళ్ళలో మాలకొండయ్య మనవరాలు చెంచులక్ష్మి ఒకతె. రెండో తరగతి. రెండు నెలల కిందట మలుపు దగ్గర ఆటో ఒరిగిపోతే మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొచ్చింది. కొడుకూ కోడలూ పలకల ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్ళిపోతారు కనుక, పిల్లను ఆటో ఎక్కించే పని తాతది. ఎక్కించాక ఆయన మేడ మీదికి పోయి, ఆ ఆటో మెయిన్ రోడ్డు దాటేదాకా చూస్తూ నిలబడతాడు. దాటాకే కాఫీ తాగుతాడు. పైకి చెప్పుకోలేదు గానీ ఆయనకు భయంగా ఉండేది. కళ్ళెదుట ఉన్న చోట్లో బడి వస్తే ఆ భయం తీరుతుంది. అసోసియేషన్ సెక్రటరీగా ఉండడానికి ఒప్పుకున్నది కూడా అందుకోసమే.

మేడంను మేడ మీదికి తీసుకెళ్ళి, కింద నేల మీద ప్లానంతా ఒక్క చూపులో చూపించాలని ఆయన ఆలోచన. సున్నంతో గీద్దామంటే ముందురోజు గీసినదాన్ని సాయంత్రానికే గాలి ఎత్తుకుపోయింది. పలకరాళ్ళు పేర్చి చూస్తే నేల రంగూ రాళ్ళ రంగూ ఒకటే అయింది. పై నుంచి కనబడేవి, రంగు రంగులుగా ఉండేవి ఏమున్నాయా అని ఇల్లంతా వెతుక్కుంటూ వెళ్ళి, వంటింట్లో ఆగాడు.

"బిందెలా? బిందెలతో ఏం పని నీకు?" అంది భార్య శ్రీశైలమ్మ.

"బడికి నాలుగు మూలలు, హాలుకు నాలుగు. నడుమ గోడ మాదిరి ఇంకో పది. లోపల ఒక్కో రాయి వేస్తే గాలికి పోవు. మధ్యాహ్నానికి తెచ్చిస్తాలే."

"బిందెలు బయట వరసగా పెడితే ఏమవుతాదో తెలుసునా నీకు?"

"ఏమవుతాది? బడి అవుతాది."

ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి కనుక శ్రీశైలమ్మ ఇంకేమీ వాదించలేదు. ఇంట్లోవి చాలకపోతే పక్కింటివీ అడిగి ఇప్పించింది. "ఆ ఆకుపచ్చది శ్రీశైలం పోయినప్పుడు దోర్నాల్లో కొన్నది. పోగొట్టినావంటే ఊరుకోను," అని మాత్రం చెప్పింది.

ఏడింటికల్లా పని అయిపోయింది. బడికి ఈశాన్యం మూల ఆకుపచ్చ బిందె. అక్కడి నుంచి తూర్పు గోడ, తిన్నగా, అంగుళం తేడా లేకుండా. చైన్‌మన్ కట్టిన గోడ మరి. తృప్తిగా చూసుకుని మాలకొండయ్య గడ్డం గీసుకోవడానికి పైకి వెళ్ళాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ కాలనీకి నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. ఏ పూట వస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. అందుకని అక్కడ వరసలో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. దాన్ని పక్కకు జరిపితే మనిషిని మెడపట్టి గెంటినట్టే. వరస కంటబడితే ముందు బిందె పెట్టాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఈ సంగతి మాలకొండయ్యకు తెలియనిదేం కాదు, కానీ నీళ్ళు పట్టే పని ఏనాడూ ఆయనది కాదు.

రెండో అంతస్తులో పళ్ళు తోముకుంటున్న మస్తానమ్మ బాల్కనీలోంచి కిందికి చూసింది. నోట్లో పుల్ల అలాగే ఉంచుకుని మూడు బిందెలతో దిగింది. ఆమె దిగడం ఎదురు బ్లాకు ఆదెమ్మ చూసింది. ఆదెమ్మను మిగిలిన ఆరు బ్లాకులూ చూశాయి. ఎత్తయిన ఇళ్ళలో ఉన్న సుఖం అదే, ఏదీ దాగదు.

ఏడున్నరకు వెనక గేటు దగ్గర మనవరాలిని ఆటో ఎక్కిస్తూ మాలకొండయ్య ఆశ్చర్యపోయాడు. పదిహేను మంది ఉండే ఆటోలో చెంచులక్ష్మి ఒక్కతే. ఈ ఒక్కరోజైనా పిల్ల కాళ్ళు చాపుకుని పోతుందని సంతోషించి, మేడెక్కి, ఆటో రోడ్డు దాటేదాకా చూశాడు. దాటింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాడు.

కింద బడి తూర్పు గోడ ఆటస్థలం మీదుగా పోయి, కమ్యూనిటీ హాలును చుట్టుకుని, ఎనిమిదో బ్లాకు మెట్ల మీదికి ఎక్కుతోంది.

ఐదంతస్తులు ఎలా దిగాడో ఆయనకే తెలియదు.

"అమ్మా, ఇది లైను కాదు. గోడ," అన్నాడు రొప్పుతూ.

"గోడ ఏంది మామా?" అంది మస్తానమ్మ.

"బడి గోడ. మేడంకి చూపించేదానికి నేనే పెట్టినా. ట్యాంకరు ఈ పొద్దు రాదు."

వెనక నుంచి ఆదెమ్మ నిదానంగా అందుకుంది. "ట్యాంకరు రాదని సెక్రటరీనే వచ్చి చెప్తాండాడంటే, వాళ్ళ బ్లాకు కాడికి మాత్రం వస్తాందన్నమాట."

ఆ మాటతో ఇంట్లో డ్రమ్ములున్న వాళ్ళు డ్రమ్ముల కోసం పరుగెత్తారు. మాలకొండయ్య కనీసం బడి మూలనైనా కాపాడుకుందామని ఒక బిందె మీద చెయ్యి వేశాడు. నలభై మంది ఒక్కసారి ఆయన చెయ్యి వైపు చూశారు. "మామా, చెయ్యి తీయి," అంది మస్తానమ్మ మర్యాదగానే. తీశాడు.

అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తట్టింది. అంతకుముందు తట్టినది ఎలాంటిదో మరిచిపోయి, ట్యాంకరు డ్రైవరు యోసేపుకు ఫోన్ చేశాడు.

"యోసేపూ, ఒక్క ట్యాంకరు వెనక గేటు కాడికి తేవయ్యా. బిందెలన్నీ ఆడికి పోతే నా నేల నాకు మిగులుతాది."

"వస్తాండా పెద్దాయనా," అన్నాడు యోసేపు.

వచ్చాడు కూడా. అయితే ఏ ట్యాంకరు డ్రైవరైనా గేటు చూసి ఆపడు, బిందెలు చూసి ఆపుతాడు. యోసేపు తిన్నగా ఖాళీ స్థలంలోకి తోలి, ఆటస్థలం నడిమధ్యలో నిలిపి, పైపు విప్పాడు. కారిన నీళ్ళకు నేల మెత్తబడి వెనక చక్రాలు దిగబడ్డాయి. ఇక అది కదిలే ప్రశ్న లేదు. ట్యాంకరు వచ్చిందన్న కబురుకు రోడ్డవతల వాళ్ళు కూడా క్యాన్లతో వచ్చారు.

టౌన్ ప్లానింగ్ మేడం పేరు సామ్రాజ్యం. ఆవిడ చెప్పిన వేళకంటే అరగంట ముందే దిగింది. జీపుకు దారి లేక నడిచి వస్తుంటే ఆదెమ్మ అడ్డుపడింది. "అమ్మా, బిందె ఏదీ? వెనక నుంచి రావాల. మేము ఏడింటి కాడి నుంచి ఉండాము."

సామ్రాజ్యం పుట్టి పెరిగింది నీళ్ళకు కటకటలాడే గిద్దలూరులో. ముందు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి వరస చివర పెట్టింది. ఆ తర్వాత అడిగింది, "ఎందుకు ఈ లైను?"

లిఫ్టు ఆ రోజు కూడా పనిచేయలేదు. మాలకొండయ్య ఆవిడను మెట్ల మీదుగానే మేడ మీదికి ఎక్కించాడు. మెయిన్ రోడ్డు దాటే ఆటో ఒక్కటే ఆయన కళ్ళలో తిరుగుతోంది. తన తెలివితేటలతో పిల్ల బడిని తానే లారీల పాలు చేశాడు.

"మేడం, ఆ ఆకుపచ్చ బిందె ఉండాదే, అది బడి మూల. ఆ ట్యాంకరు దిగబడిన కాడ... ఆటస్థలం," అన్నాడు నీరసంగా.

ఆవిడ వినడం లేదు. వేలు ఆడిస్తూ ఏదో లెక్కపెడుతోంది. "ఆ పిల్లలంతా ఎవరు?"

మాలకొండయ్య అప్పుడు చూశాడు. బిందెలు పెట్టిన తల్లులు వంటలకు పోతూ పిల్లల్ని కాపలా కూర్చోబెట్టారు. వరస పొడుగునా యూనిఫారాలే. కొందరు అచ్చనగాయలు ఆడుతున్నారు, కొందరు బిందెల మీద దరువు వేస్తున్నారు.

"మా కాలనీ పిల్లలే మేడం. దినామూ ఏడున్నరకే ఆటోల్లో పోతారు. ఈ పొద్దు బిందెల కాడ ఉండిపోయినారు."

సామ్రాజ్యం పాత నివేదిక తీసి 'కనిపించలేదు' అన్న మాట ఇంకోసారి చదువుకుంది. కిందికి దిగి, వరస మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ ఒక్కొక్క పిల్ల పేరు, బ్లాకు, ఫ్లాటు నంబరు రాసుకుంది. బిందె వదిలి ఎవరూ కదలరు కనుక లెక్క తేలిగ్గా తేలింది. నూట నలభై ఆరు.

"మీ ఇంట్లో పిల్లలు లేరా?" అని అడిగింది చివర్లో.

"ఒక మనవరాలు ఉండాది మేడం."

"వీళ్ళలో ఏ పాప?"

"బడికి పోయింది మేడం."

సామ్రాజ్యం కలం మూసేసింది. "అయితే నూట నలభై ఆరే. కనిపించని పిల్లల్ని రాయకూడదు," అని, తన సీసా నింపుకుని జీపెక్కింది. మాలకొండయ్య ఆ బురదలోనే కాసేపు కూర్చుండిపోయాడు. ఆయనకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, నవ్వు కాస్త ముందొచ్చింది.

మరుసటేడు జూన్‌కు అక్కడ నాలుగు గదుల బడి లేచింది. చేర్చుకునే మొదటి రోజు అందరికంటే ముందుండాలని మాలకొండయ్య ఐదున్నరకే చెంచులక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. గేటు దగ్గర ఒక్క మనిషి లేడు, నలభై ఒక్క బిందెలున్నాయి. ఆయన ఇంటికెళ్ళి, ఆకుపచ్చ బిందె తెచ్చి, అందులో రాయి వేసి, నలభై రెండోదిగా పెట్టాడు.