సాగర బేగం తలుపు

బీదర్ జిల్లాకు సముద్రం లేదన్న చిరకాలపు లోటు, మన రాష్ట్రానికి మైసూరు పోయి కర్ణాటక అన్న పేరు వచ్చిన మరుసటి ఏడే, సర్కారు ఖర్చుతో తీరిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సముద్రం మొత్తం రాలేదు. అందులో తిరిగిన ఓడ కూడా రాలేదు. ఓడలోని లిఫ్టు వచ్చింది. మంచి పని ఎక్కడో ఒకచోట మొదలుకావాలి కదా.

ఆ ఓడ పేరు సాగర బేగం. ఏమీ తోచని ధనవంతులను ఎక్కించుకుని దేశదేశాలు తిప్పి, వయసు మళ్లి, చివరికి బొంబాయిలో ముక్కలై వేలానికి వచ్చింది. సాధారణ ఏర్పాట్ల శాఖ జిల్లా అధికారి శంకరప్ప సాహెబ్ కొత్త కార్యాలయానికి కుర్చీలు కొందామని బొంబాయి వెళ్లి, లిఫ్టుతో తిరిగివచ్చారు. కార్యాలయానికి కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు, అంతే. కుర్చీ లేకపోతే మనిషి నిలబడగలడు, లిఫ్టు లేకపోతే జిల్లా పరువు ఎలా నిలబడుతుందని సాహెబ్ ప్రశ్నించారు. కుర్చీలు లేని సిబ్బంది లేచి నిలబడే అవసరం లేకుండానే చప్పట్లు కొట్టారు.

లిఫ్టు వచ్చాక మెట్లతో పనేమిటి? సరిగ్గా అప్పుడే జిల్లాలో 'మైసూరు రాష్ట్రం' అని రాసిన పాత బోర్డులన్నీ పనికిరాకుండా పోయాయి. పారేయడానికి ఉత్తర్వు లేదు, పెట్టడానికి చోటు లేదు. వాటిని కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా పేర్చారు. ఆ విధంగా మైసూరు రాష్ట్రం మొత్తం మా మెట్ల మీద భద్రంగా ఉంది. కర్ణాటక ప్రజలు మాత్రం లిఫ్టులో వెళ్లాల్సి వచ్చింది.

లిఫ్టుతో పాటు ఒక ఇత్తడి పలక కూడా వచ్చింది. దాని మీద ప్రయాణికుల భద్రతకు ఓడవాళ్లు చెక్కించిన సూచనలు ఉన్నాయి. వాటిని అక్షరాలా పాటించాలని సాహెబ్ ఆజ్ఞాపించారు. మొదటి సూచన ప్రకారం ప్రతి ప్రయాణికుడికీ నీటిలో తేలే చొక్కా ఉండాలి. బీదర్ బజారులో అలాంటివి దొరకవు కాబట్టి లారీ టైర్ల ట్యూబులకు గాలి కొట్టించి గోడకు వేలాడదీశారు. ఔరాద్ నుంచి అర్జీలు పట్టుకువచ్చే రైతులు మెడలో ట్యూబు వేసుకుని పైకి పోయేవారు. ఆ ఏడు బావులు ఎండిపోయి, నల్లాలు దగ్గి ఊరుకునేవి. అయినా మా లిఫ్టులో నీట మునిగి చనిపోయినవాడు ఒక్కడు కూడా లేడు. ఇంతటి ఘనత సముద్రం ఉన్న జిల్లాలకు కూడా లేదని సాహెబ్ బెంగుళూరుకు రాశారు.

సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు లిఫ్టు వాడరాదన్నది రెండో సూచన. అందుకని కార్యాలయంలో ఒక రేడియో పెట్టారు. బంగాళాఖాతంలో వాయుగుండం, చేపలవాళ్లు వేటకు వెళ్లరాదు అని రేడియో చెప్పగానే బీదర్‌లో లిఫ్టు ఆగిపోయేది. పైన ఉన్నవాళ్లు పైనే, కింద ఉన్నవాళ్లు కిందనే. ఒకసారి వాయుగుండం తీరం దాటడానికి బద్ధకించింది. పైన ఉన్న సిబ్బందికి వాళ్ల ఇళ్లవాళ్లు కిటికీలోంచి తాడు కట్టి జొన్నరొట్టెలు పంపారు. బయట ఎర్రటి ఎండ. ఎండను చూసి మోసపోవద్దని నోటీసు అంటించారు.

అన్ని సూచనలూ ఇంత నిష్ఠగా పాటించిన కార్యాలయం ఒకే ఒక్క సూచనను పాటించలేదు. అది చివరిది: తలుపు మూసుకోకుండా ఆపాలంటే లోపల ఉన్నవారు ఎర్ర మీట నొక్కి ఉంచాలి. లిఫ్టు బిగించడానికి వచ్చిన బొంబాయి మిస్త్రీ కూడా ఇదే మాట అందరి ముందూ చెప్పాడు. తలుపు అంచుకు ఉండాల్సిన రబ్బరు ఊడిపోయింది, కొత్తది దొరికేదాకా మీట నొక్కండి, లేదంటే ఈ తలుపుకు మనిషీ మానూ తేడా తెలియదని చెప్పి, దండం పెట్టి రైలెక్కాడు.

మీట ఎక్కడుంది? లోపల, సాహెబ్ నిలబడే చోట, ఆయన భుజానికి జానెడు దూరంలో. ఇక్కడే చిక్కు వచ్చింది. నవాబుల కాలం నుంచి మా ఊళ్లో మర్యాద ఒక్కటే. పెద్దవాళ్లు ముందు పోవాలి, వాళ్లు పోయేదాకా చిన్నవాడు తలుపు పట్టుకోవాలి. పెద్దవాళ్లు లోపలికి చేరాక మీట నొక్కవలసినవాళ్లు పెద్దవాళ్లే అవుతారు. సాహెబ్ మీట నొక్కితే సాహెబ్‌కూ చప్రాసీకీ తేడా ఏం మిగులుతుంది? అందుకని అప్పుడు అక్కడున్నవాళ్లందరిలోకీ చిన్న ఉద్యోగి బయట నిలబడి, ఆ ఇనుప తలుపును అరచేత్తో ఆపేవాడు. తలుపు తన పని తాను చేసుకుపోయేది.

సాహెబ్ వెంట ఎప్పుడూ ఉండేవాళ్లలో చిన్నవాడు కాబట్టి తలుపు పట్టుకునే భాగ్యం ఎక్కువగా బర్నబాకు దక్కేది. బర్నబా ఆ కార్యాలయంలో చిన్న గుమాస్తా. సర్కారు దృష్టిలో చిన్నవాడే గాని, ఊళ్లో పేటి అని పిలిచే హార్మోనియం ముందు కూర్చుంటే బీదర్ నుంచి కుశనూర్ దాకా అంత పెద్దవాడు లేడు. చర్చిలో కీర్తనలకు ఆయన వేళ్లే, ఊళ్లో భజనలకూ ఆయన వేళ్లే. ఆ కుడిచేయి హార్మోనియం మెట్ల మీద పరుగెత్తుతుంటే పాడటం రానివాళ్లకు కూడా గొంతు పెగిలేది. క్రిస్మస్ దగ్గర పడుతోంది. కొత్త కీర్తన ఒకటి కట్టి, దానికోసం రోజూ సాయంత్రం సాధన చేస్తున్నాడు. పక్కన ఆయన బామ్మర్ది సిలాసు డోలక్ వాయించేవాడు. సిలాసుకు ఇంకా ఉద్యోగం లేదు. తలుపు పట్టుకోవడానికైనా సరే, ఒక ఉద్యోగం దొరికితే చాలని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాడు.

బర్నబా వేళ్ల మీద ఎర్రటి గీతలు చూసి భార్య హేబ్సిబా నెత్తి కొట్టుకుంది.

"ఏమయ్యా, దేవుడు నీకు చేతులు ఇచ్చింది పేటి వాయించనీకా, తలుపు కింద పెట్టనీకా?"

"ఏం జేయమంటవే? సాబులందరు లోపటికి పోయేదాంక పట్టుకోవాలె గద."

"లోపట మీట ఉందని నువ్వే చెప్తివి. వాళ్లకు వేళ్లు లేవా?"

"ఉన్నయి. సంతకాలకు కావాలె."

అప్పటికే తలుపు కొందరిని రుచి చూసింది. చప్రాసీ పీరప్ప బొటనవేలి గోరు ఊడింది. నీళ్లు తెచ్చే బసవ్వ మోచేయి వాచింది. గొడవ పెరగకముందే శంకరప్ప సాహెబ్ విచారణ సంఘం వేశారు, దానికి తానే అధ్యక్షుడయ్యారు. సంఘం తలుపును చాలాసేపు పరిశీలించింది. ఆ సమయంలో తలుపును బర్నబా పట్టుకున్నాడు.

సంఘం కనిపెట్టిన విషయం అద్భుతమైనది. ఇంతవరకు ఒక్క అధికారికి కూడా గీత పడలేదు! దెబ్బలన్నీ చిన్న ఉద్యోగులకే తగిలాయి. అంటే తలుపుకు హోదా తెలుసు. గొప్ప ఓడలో మర్యాదస్తుల మధ్య పెరిగిన తలుపు అలా కాక ఎలా ఉంటుంది? ఇక దెబ్బలకు కారణం ఏమిటంటే, ఓడ ఊగుతుంది, మా భవనం ఊగదు. ఊగే చోట పనిచేసిన తలుపు కదలని చోట తికమకపడుతోంది. భవనాన్ని ఊపడానికి ఈ ఏడు వీలుపడదు కాబట్టి ప్రయాణికులే ఊగాలని తీర్మానించారు. మర్నాటి నుంచి జనం లిఫ్టు ముందు వరుసగా నిలబడి, మెడలో ట్యూబులతో, కుడికీ ఎడమకూ ఊగుతూ ఎక్కసాగారు. బస్టాండు నుంచి కూడా మనుషులు వచ్చి చూసిపోయేవారు. కొందరికి పైన పనేమీ లేకపోయినా ఊగి వెళ్లేవారు.

సంఘం దైవబలాన్ని కూడా విస్మరించలేదు. తలుపుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. పాదిరీగారితో ప్రార్థన చేయించారు. దర్గా నుంచి తాయెత్తు తెప్పించి వేలాడదీశారు. మూడు మతాలూ ఒక్క తలుపు మీద ఇంత సఖ్యంగా కలవడం చూసి మా కళ్లు చెమర్చాయి. రబ్బరు తెప్పించే విషయం మాత్రం సంఘం పరిధిలోకి రాదు.

ఒకరోజు బర్నబా ధైర్యం తెచ్చుకుని అడిగేశాడు. "సాబ్, మీ పక్కనే మీట ఉంది. మీరు జర వేలు పెడితే నేను చెయ్యి తీసేస్త. క్రిస్మస్‌కు పేటి వాయించాలె సాబ్, వేళ్లు ఖరాబైతే మళ్ల రావు."

కార్యాలయం ఊగడం మానేసింది. శంకరప్ప సాహెబ్‌కు కోపం రాలేదు, ఆయన దొడ్డ మనిషి. "బర్నబా, ఆ తలుపుకు సంగీతం తెలిసిన చెయ్యి దొరకడం మా అదృష్టం. దాన్ని మాకు దూరం చేయకు" అన్నారు. అంతటితో ఊరుకోకుండా, మీట నొక్కడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని మంజూరు చేయాలని బెంగుళూరుకు రాశారు. మీటను కింద నొక్కాలా, పైన నొక్కాలా, రెండుచోట్లా అయితే నొక్కేవాడు లిఫ్టులో వెళ్లాలా, మెట్ల మీద వెళ్లాలా అని బెంగుళూరు తిరిగి అడిగింది. మెట్ల మీద మైసూరు రాష్ట్రం ఉందని సాహెబ్ జవాబు రాస్తుండగానే డిసెంబరు వచ్చేసింది.

డిసెంబరులో పై అధికారులు ఓడ లిఫ్టును చూడటానికి వచ్చారు. అందరూ సమానమైన పెద్దలు, అదే కొంప ముంచింది. గడప దగ్గర "తమరు ముందు" అని ఒకరు, "అయ్యో, తమరి తరువాతే" అని ఇంకొకరు. ఒక్కొక్కరు ట్యూబు సర్దుకుని, రెండుసార్లు ఊగి, నమస్కారం పెట్టి లోపలికి అడుగు పెడుతున్నారు. తలుపు వస్తోంది. బర్నబా రెండు చేతులతో ఆపుతున్నాడు. మొహం ఎర్రబడింది. లోపల ఎర్ర మీట పక్కన ఇప్పుడు ఒక భుజం కాదు, ఎన్నో భుజాలు ఉన్నాయి. అన్నీ మర్యాదగా ఒదిగి నిలబడ్డాయి, మీటకు తగలకుండా. చివరి అధికారి కోటు అంచు లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. బర్నబా కుడిచేతి మూడు వేళ్లు అందులో ఉన్నాయి.

కేక పై అంతస్తు దాకా వినిపించింది. అదేమిటని వచ్చిన అధికారుల్లో ఒకరు అడిగారు.

"ఓడ కూత సార్" అన్నారు శంకరప్ప సాహెబ్. "అచ్చం అసలుదే."

డాక్టరు వేళ్లను నిలబెట్టాడు గాని అవి ఇక వంగవని చెప్పాడు. క్రిస్మస్ ఉదయం చర్చిలో కొత్త కీర్తన ఎత్తుకున్నారు. హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉంది. శ్రుతి లేక ఎవరి గొంతు వారిదైంది. సిలాసు డోలక్ ఒక్కటే అందరినీ ఒక దారిలో పెట్టాలని నానా పాట్లు పడింది. తాను కట్టిన కీర్తన తనకే గుర్తుపట్టరాకుండా పోతుంటే బర్నబా వెనక బెంచీలో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. పక్కన హేబ్సిబా పాడలేదు. ఇది వ్యంగ్యం కాదు, ఉన్నమాట.

సర్కారు ఊరుకుంటుందా? బర్నబాకు ఘనసన్మానం జరిగింది. శాలువా కప్పారు, పూలదండ వేశారు. "ఈ మహానుభావుడు తన వేళ్లు అడ్డుపెట్టి పెద్దల ప్రయాణాన్ని కాపాడాడు. ఇలాంటి చేతులు ఉన్నంతకాలం మన తలుపులకు రబ్బరు అక్కర్లేదు" అని సాహెబ్ ఉపన్యసించారు. కార్యక్రమం ముందే అచ్చయిపోయింది కాబట్టి చివర్లో బర్నబా హార్మోనియం వాయించక తప్పలేదు. కుడిచేతిలో ఇంకా పని చేసే చిటికెన వేలితో ఒకే ఒక్క స్వరం మోగించి ఆగిపోయాడు. సభ లేచి చప్పట్లు కొట్టింది. నిరాడంబరత అంటే ఇదని పక్కాయన నాతో అన్నాడు.

సన్మానంతో పాటు బర్నబాకు పెద్ద గుమాస్తాగా పదోన్నతి దక్కింది. ఖాళీ అయిన చిన్న గుమాస్తా ఉద్యోగం సిలాసుకు ఇచ్చారు. సర్కారుది ఎంత పెద్ద మనసంటే, ఒక్క తలుపుతో ఒక ఇంట్లో రెండు దీపాలు వెలిగించింది.

ఉద్యోగంలో చేరే పొద్దున హేబ్సిబా తమ్ముడికి అన్నం పెట్టి, భర్తకు కోటు తొడిగింది.

"ఏమయ్యా, ఇగ నువ్వు లోపట ఉంటవు. ఆ నొప్పి నీకు తెలుసు. నువ్వన్న మీట నొక్కు. నా తమ్ముని చెయ్యి అది, డోలక్ వాయించే చెయ్యి."

"చెప్పాల్నా?" అన్నాడు బర్నబా. "నేను నొక్కకుంట ఉంటనా? నాకు ఎడమ చెయ్యి మంచిగనే ఉంది గద."

కార్యాలయం తెరిచారు. లిఫ్టు ముందు అందరూ ఊగారు. సాహెబ్ ముందు వెళ్లారు, వెనకే బర్నబా వెళ్లి, హోదా ప్రకారం తనకు దక్కిన చోట నిలబడ్డాడు. ఎర్ర మీట సరిగ్గా ఆయన ఎడమచేతి పక్కనే ఉంది. బయట సిలాసు తలుపుకు అరచెయ్యి ఆనించి, బావను చూసి నవ్వాడు. బర్నబా ఎడమచెయ్యి లేచింది. పక్కన సాహెబ్ గొంతు సవరించుకున్నారు. ఆ చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగి, దారి మార్చుకుని, కోటు గుండీ సర్దుకుని కిందికి దిగింది.

"సిలాసూ," అన్నాడు బర్నబా, "గట్టిగ పట్టుకో."

చదువుతున్న తమరు ఇంకా గడపలోనే నిలబడ్డారేం? కొంచెం లోపలికి జరగండి, వెనక ఇంకా పెద్దవాళ్లు వస్తున్నారు. తమరి భుజం పక్కన ఎర్రగా కనిపిస్తున్నదా, దానితో తమరికేం పని లేదు. తలుపు సంగతి మరిచిపోండి. బయట ఎవరో ఒకరు పట్టుకునే ఉంటారు.