దురద లేని మామగారు

వచ్చే ఆదివారం మనవరాలు ఇంటికొస్తుంది. కూతురికి నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, పన్నెండు రోజులుగా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది, తల్లీ అక్కడే ఉంది. తాతగారు అద్దంలోంచి చూసి రావడమే తప్ప వేలితో తాకి ఎరగడు. సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ ఆయన వేసుకున్న పథకం చిన్నదే: పిల్ల గడప దాటగానే మొదట తనే ఎత్తుకోవాలి. వియ్యపురాలి కంటే ముందు.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే యార్డు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ వ్యాగన్ను ఏ లైనులోకి తోయాలో ఒక్క చూపుతో తేల్చేవాడు. ఉద్యోగం పోయింది గాని తోసే అలవాటు పోలేదు.

ఎదురుగా కూర్చున్న అల్లుడు వేళ్ళ సందుల్లో గోక్కోవడం ఆయన కంటబడింది.

"ఏమిటి బాబూ, దోమలా?"

"కాదు మామగారూ. నిన్నటి నుంచీ ఒకటే దురద. చిన్నప్పుడు హాస్టల్లో గజ్జి పట్టినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది."

నిజం చెప్పడమే ఆ అమాయకుడి కొంప ముంచింది. గురువారం వచ్చాడు, మర్యాద కొద్దీ మామగారి మంచంలోనే సగం ఇచ్చారు, ఆదివారానికల్లా దురద! యార్డు మాస్టరుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సుద్దముక్కతో వెనకగది తలుపు మీద 'మురికి లైను' అనీ, ముందుగది మీద 'శుభ్రం లైను' అనీ రాసి, అల్లుణ్ణి దుప్పటితో సహా వెనక్కి తోసేశాడు.

"అల్లుడండీ! ఎవరైనా వింటే నవ్విపోతారు," అంది భార్య, మెడ వెనక గోక్కుంటూ.

"నువ్వూ వెళ్ళు."

మంగళవారం కోడలు మోచెయ్యి గోక్కుని దొరికిపోయింది. బుధవారం కొడుకు ఏదో ఆలోచిస్తూ బుర్ర గోక్కున్నాడు.

"ఆలోచిస్తున్నాను నాన్నా!"

"ఆలోచన అక్కడ కూర్చుని చెయ్యి."

గురువారానికి వెనకగదిలో నలుగురు, ముందుగదిలో ఒక్కడు. వంట వచ్చినవాళ్ళంతా మురికి లైనులోనే ఉన్నారు కనుక శుభ్రమైనాయన మాడిన అన్నం తిన్నాడు. అయినా సంతోషంగానే తిన్నాడు. పిల్లను ఎత్తుకునే అర్హత ఇంట్లో ఇక తనొక్కడికే మిగిలిందని ఆయన లెక్క.

శుక్రవారం నలుగురినీ తనే ముందుండి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ భూతద్దంతో అందరి చేతులూ చూసింది.

"మీదీ ఇవ్వండి."

"నాకు దురదే లేదమ్మా!"

"అందుకే అడుగుతున్నాను."

ఆయన మణికట్టు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగిపోయింది.

"ఈ మధ్య ఎవరికైనా సేవ చేశారా?"

నెల కిందట, మంచాన పడ్డ పాత పాయింట్స్‌మన్, యార్డులో పట్టాలు మార్చినవాడు, అతని పక్కన ఆయన వారం రోజులు కూర్చుని కాళ్ళు పట్టాడు. అదే చెప్పాడు.

"గజ్జి అక్కడ అంటుకుంది. ఇంట్లోకి తెచ్చింది మీరేనండీ. దురద పురుగు పెట్టేది కాదు, మన ఒళ్ళు చేసే గోల. కొత్త పురుగైతే ఒంటికి పసిగట్టడానికి నెలా నెలన్నర పడుతుంది. మీ అల్లుడుగారి ఒళ్ళు దీన్ని చిన్నప్పుడే చూసింది కనుక మూడు రోజుల్లో కేకేసింది. మీ ఒళ్ళు ఇంకా చుట్టమనుకుంటోంది."

"మరి వీళ్ళు?"

"అల్లుడుగారు గోక్కోవడం చూసి తెచ్చుకున్న దురదలు. అయినా మందు అందరూ రాసుకోవాలి."

గురివింద గింజకు తన నలుపు కనబడ్డట్టయింది. యార్డు మాస్టరు తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించి అడిగాడు. "ఆదివారం నా మనవరాల్ని..."

"ఈ సాయంత్రమే మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకుని రేపు పొద్దున్న కడిగేసుకోండి. బట్టలూ దుప్పట్లూ వేడినీళ్ళలో ఉతకండి. వారానికి మళ్ళీ రాయాలి. ఆదివారం నిక్షేపంగా ఎత్తుకోండి. పురుగులు చచ్చినా ఒంటి కోపం మూడు వారాల దాకా చల్లారదు. ఆ దురద ఎవరికీ అంటదు."

శనివారం మందు కడుక్కున్నాక గాని ఆయన ఒంటికి జ్ఞానోదయం కాలేదు. ఆదివారం పొద్దుటికి వీపూ మణికట్లూ మండిపోతున్నాయి. కారు చప్పుడు వినగానే ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి పరిగెత్తారు. ఆయన మాత్రం వెనకగదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరమ్మ మాట మీద నమ్మకం ఉంది గాని, గుప్పెడంత పిల్ల, భయం వేసింది. ఏడుపూ వచ్చింది.

అల్లుడు పాపను తీసుకుని అక్కడికే వచ్చాడు.

"పట్టండి మామగారూ. మొదట మీరే."

"వద్దు బాబూ. నిన్ను అన్ని మాటలన్నాను..."

"చేతులు చాపండి ముందు."

పాప ఆయన చేతుల్లో ఒకసారి ఆవులించి నిద్రపోయింది. అప్పుడు మొదలైంది, ఎడమ భుజం కింద, చెయ్యి ఖాళీ ఉన్నా అందని చోట. పక్కనే వియ్యపురాలు చేతులు చాచి నిలబడింది. "ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ, గోక్కుందురు గాని."

ఆయన చస్తే ఇవ్వలేదు. అల్లుడి వైపు దీనంగా చూశాడు.

"బాబూ... ఎడమ పక్క. ఇంకాస్త పైకి. ఆఁ, అక్కడే, ఆపకు."

పాప రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. అల్లుడికి మాత్రం చెయ్యి నొప్పి పుట్టింది.