చింతలరేవు కవచం బేరం

వచ్చిపడే క్షిపణులను ఆకాశంలోనే ఆపేసే కవచాన్ని చింతలరేవు మున్సిపాలిటీ కొన్నది, కాలువకు ఎగువనున్న పైడిమెట్ట మున్సిపాలిటీ చేత వారానికి రెండు రోజులు నీళ్లు వదిలించడానికి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఏడేళ్ల ఇంటిపన్ను ముందే వసూలు చేసి, బస్టాండు వెనక మరుగుదొడ్ల కోసం ఉంచిన జాగాలో దాన్ని నిలబెట్టారు.

అది పనిచేస్తుందా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన పనీ లేదు.

"ఇది క్షిపణుల్ని ఆపడానికి కాదండీ. ఇంత ఖరీదైంది విప్పేస్తాం, మా నీళ్లు మాకివ్వండని చెప్పడానికి," అని చైర్మన్ కర్రి ధనరాజు కౌన్సిల్‌కు వివరించాడు. ఆయన ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపినవాడు. చవక కవచమైతే పైడిమెట్ట వాళ్లు నవ్విపోతారని ఆయన భయం.

ఒక్కటే చిక్కు. పైడిమెట్ట దగ్గర క్షిపణి లేదు. కనీసం ఒకటైనా కొనుక్కోవలసిందిగా చింతలరేవు కమిషనర్ మర్యాదగా ఉత్తరం రాశారు. వాళ్లు నలభై రోజుల్లో కొన్నారు, రసీదు నకలు కూడా పంపారు. పొరుగూరంటే అలా ఉండాలి.

ఇంత హడావుడిలో నిజంగా నీళ్లు కావలసినవాడు గంటా సింహాద్రి. బస్టాండు పక్కనే అతనికి అర ఎకరం తమలపాకు తోట ఉంది. తమలపాకు తీగకు రోజూ తడి తగలాలి, వారం పది రోజులు ఎండిందంటే ఇక లేవదు. బిందెలతో మోసి తడిపినంత తడిపి, మిగతా పొద్దంతా మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. అతన్ని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆఫీసు వాళ్లకూ తరుక్కుపోయి, ఒక కుర్చీ ఇప్పించారు.

చర్చల రోజు వచ్చింది. కవచం విప్పేస్తాం, రెండు రోజులు నీళ్లివ్వండని ధనరాజు అడిగాడు.

"సరేనండి, రేపట్నించే వదుల్తాం," అన్నాడు పైడిమెట్ట చైర్మన్, టీ చల్లారకముందే.

చింతలరేవు ప్రతినిధులు ఇప్పుడే వస్తామని చెప్పి బయటికొచ్చి, జీపు పక్కన గుంపుగా నిలబడ్డారు.

"ఒక్క మాటకే ఒప్పేసుకున్నాడంటే, మనం తక్కువడిగేసినట్టే," అన్నాడు ధనరాజు.

నిలువునా మోసపోయామని అందరికీ అనిపించింది. మనం అన్న ధరకే కొట్టువాడు చీర మడతపెట్టి చేతికిచ్చేస్తే ఎవరి ప్రాణమైనా ఉసూరుమంటుంది. సంతకం చేయకుండా తిరిగొచ్చి, ఈసారి నాలుగు రోజుల నీళ్లు అడగాలనీ, అందుకోసం రెండో కవచం కొనాలనీ తీర్మానించారు.

రెండు వారాలకు తోట ఎండిపోయింది. రెండో కవచానికి బస్టాండు దగ్గరే ఖాళీ జాగా కావాలి కాబట్టి, ఆ తోటనే ఎంపిక చేశారు. సమ్మతి పత్రం పట్టుకుని ధనరాజు స్వయంగా వెళ్లాడు.

"రెండ్రోజులు ఇత్తామన్నారంట కదండీ బాబూ," అన్నాడు సింహాద్రి.

"అన్నారు. ఒక్క కవచానికే రెండ్రోజులు ఇస్తామన్నారంటే, అదెంత బాగా పనిచేసిందో చూడు సింహాద్రీ."

సింహాద్రి చాలాసేపు ఆలోచించాడు. అందులో తప్పేమీ కనబడలేదు. సంతకం పెట్టాడు. రైతుల తరఫున అతన్ని చర్చల బృందంలో కూడా వేశారు.

ఆ సంగతి ఇంటికెళ్లి చెబితే, బియ్యం చెరుగుతున్న భార్య అచ్చియ్యమ్మ చేట పక్కన పెట్టింది.

"తోటే పోయాక నాలుగ్రోజుల నీల్లు ఏటి సేసుకుంటావు?"

"అదేనే మన బలం," అన్నాడు సింహాద్రి. "నిన్నటిదాకా అవసరం మనది, అందుకే అలుసైపోనాం. ఇప్పుడు మనకి నీల్లక్కర్లేదు. ఎన్నేల్లయినా బేరం ఆడగలం."