అచ్చియమ్మ, తదితరులు

రెండువేల ఏడు డిసెంబరులో ఆ ఉదయం సర్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పదోన్నతుల కమిటీ తరఫున విశాఖ నుంచి కిరండూల్ పాసింజరులో వచ్చే ప్రొఫెసర్ షాలోమ్ మేడమ్‌ని అరకు స్టేషన్లో కలుసుకోవాలి. కొండమీది ఊరికి జీపులో తీసుకెళ్ళి తను తయారుచేసిన మిషను చూపించాలి. వెదురు బొంగులో వండిన కోడి తినిపించి, తన ప్రొఫెసర్ పదోన్నతికి ఆవిడ చేత సిఫారసు రాయించుకోవాలి. ఇదే ఆఖరి అవకాశం. తన దగ్గర చదువుకున్న జగదీష్ నిరుడే ప్రొఫెసరైపోయి, కాలేజీ వరండాలో ఎదురుపడినప్పుడల్లా "ఎలా ఉన్నారు సార్?" అని జాలిగా అడుగుతున్నాడు. ఆ జాలిని భరించడం ఇక అతనివల్ల కావడం లేదు.

మిషను మాత్రం గొప్పదే. సైకిల్ పెడల్ తొక్కినట్టు తొక్కితే చాలు, కాఫీ పళ్ళ పైతోలు ఊడిపోయి గింజలు ఒకవైపుకి జారతాయి. చక్రం లెక్క, జల్లెడ వాలు, అన్నీ సర్వేశ్వరరావు బుర్రలోంచి వచ్చినవే. చిక్కల్లా దానిమీద రాసిన పరిశోధన వ్యాసంతో వచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆ వ్యాసం రాస్తూ, సాయం చేసినవాళ్ళకి చివర్లో కృతజ్ఞతలు చెబుదామని ఊరిపెద్ద సోమన్నని పేర్లు అడిగాడు.

"సివర్నేటి బాబూ?" అన్నాడు సోమన్న. "ఇటుకల పండగనాడు ఊరంతా అడివికి ఏటకెల్తే బాణమేసినోడికీ వాటా ఉంటాది, దారి కాసినోడికీ ఉంటాది. పెద్దోటా, సిన్నోటా అని ఉండదు. ఏ ఇల్లు వదిలీసినా తప్పే."

తప్పు చేసినవాడి మిషను ఊళ్ళో ఉండదని వేరే చెప్పక్కర్లేదు. సర్వేశ్వరరావు కూడా లోలోపల సంబరపడ్డాడు. ఎంతమందితో కలిసి పరిశోధన చేస్తే అంత ఘనత అని కాలేజీలో కొత్తగా మార్కులు పెట్టారు మరి. ఇంటికొకరి చొప్పున ఊరందరినీ రచయితల్ని చేసేశాడు. పెద్దాచిన్నా తేడా ఉండకూడదు కనక పేర్లని ఇంగ్లీషు అక్షరక్రమంలో పేర్చాడు. అచ్చియమ్మ అందరికన్నా ముందు నిలిచింది. సర్వేశ్వరరావు వెనక సోమన్న ఒక్కడే మిగిలాడు.

వ్యాసానికి మంచి పేరొచ్చింది. బ్రెజిల్‌వాళ్ళు, కెన్యావాళ్ళు, వియత్నాంవాళ్ళు తమ వ్యాసాల్లో దాన్ని ప్రస్తావించారు. అన్ని పేర్లు రాసే ఓపిక ఎవరికీ లేక, అందరూ ఒకే మాట రాశారు: "అచ్చియమ్మ, తదితరులు." ఆ తదితరుల్లో ఎక్కడో సర్వేశ్వరరావు ఉన్నాడు.

రైలు దిగుతూనే షాలోమ్ మేడమ్, ఎవరి పేరు ఎన్ని వ్యాసాల్లో వచ్చిందో లెక్కలున్న కంప్యూటర్ కాగితాలు బయటికి తీసింది. "మీ పేరు ఎవరూ ఎత్తలేదండీ సర్వేశ్వరరావు గారూ. కానీ ఈ డాక్టర్ అచ్చియమ్మగారున్నారే! ఒకే ఒక్క పేపరు, ఎక్కడ చూసినా ఆవిడే! ఎక్కడ పనిచేస్తారు?"

"ఇక్కడే మేడమ్," అన్నాడు. ఆవిడ డాక్టరు కాదని అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"అయితే పదండి. ఈ పనిలో మీ పాత్ర ఏమిటో ఆవిడ ఒక్కమాట చెబితే చాలు, ఆ క్రెడిట్ మీకిచ్చేస్తాను."

సర్వేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. జీపు ఆగీ ఆగకముందే దూకి, అరుగుమీద కూచుని అంబలి తాగుతున్న అచ్చియమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "నీకు దణ్ణం పెడతాను అచ్చియమ్మా! ఆవిడ అడిగితే ఇదంతా నేనే చేశానని చెప్పు."

"అలాగే బాబూ, నీకు మంచే సెప్తాను," అంది అచ్చియమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

ముక్కుకి మూడు పోగులతో, ఒట్టికాళ్ళతో ఉన్న ముసలమ్మని చూసి మేడమ్ ఒక్క క్షణం తటపటాయించింది. సర్వేశ్వరరావు వైపు చూస్తే అతను సిల్వర్ ఓక్ చెట్లను పరిశీలిస్తున్నాడు. మనిషిని కట్టూబొట్టూ చూసి అంచనా వెయ్యకూడదని మిషన్ స్కూలు టీచరైన వాళ్ళ నాన్న నేర్పాడు. వినయంగా కూచుని పెన్ను తీసింది.

"ఈ మిషను ఎవరు చేశారమ్మా?"

"అందరం సేసినాం."

"చక్రం ఆలోచన ఎవరిది?"

"అందరిదీ."

"మరి సర్వేశ్వరరావుగారు?"

అచ్చియమ్మ ఇచ్చిన మాట మర్చిపోలేదు. "బాబు శానా మంచోడమ్మా. రోజూ వచ్చీవోడు. ఏ పనీ సేతకాకపోయినా మా ఎనకే తిరిగీవోడు. కసురుకున్నా కోపం రానేదు."

ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆవిడ దగ్గర లేదు. మేడమ్ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

"మేడమ్! చక్రం నాది!" అని అరిచాడు సర్వేశ్వరరావు. "జల్లెడ నాది! మిషను మొత్తం నాది!"

పెడల్ తొక్కుతున్న పిల్ల తొక్కడం ఆపేసింది. కాఫీ పళ్ళు ఏరుతున్నవాళ్ళు బుట్టలు దించారు. సోమన్న తలపాగా సర్దుకుని ముందుకొచ్చాడు.

"తప్పుడు మాటనీసినావు బాబూ. నా బాణమే తగిలిందన్నోడికి మా ఏటలో వాటా లేదు. మేడమ్మా, ఆ కాయితంలోంచి ఈ బాబు పేరు తీసీండి."

"రచయితలందరూ కోరితే తీసెయ్యొచ్చు," అంది మేడమ్ సీరియస్‌గా. "అందరూ ఇక్కడే ఉన్నారు కదా."

సర్వేశ్వరరావు సోమన్న చెయ్యి పట్టుకున్నాడు. ఉన్న ఒక్క వ్యాసమూ పోయేలా ఉంది. "మళ్ళీ వాటాలో కలవాలంటే ఏం చెయ్యాలి సోమన్నా?"

"ఏటుంది? అందరి ముందర నాది కాదని సెప్పీ. బేగి కలిపీసుకుంటాం."

వేరే దారి కనబడలేదు. "నాది కాదు," అన్నాడు.

"గట్టిగా."

"నాది కాదు! చక్రమూ నాది కాదు, జల్లెడా నాది కాదు! అందరిదీ!"

ఊరు ఊరంతా ఈల వేసింది. ఎవరో డప్పు అందుకున్నారు. అచ్చియమ్మ కళ్ళొత్తుకుంది. షాలోమ్ మేడమ్ మాత్రం రాసుకుంటోంది: "తన పాత్ర ఏమీ లేదని అభ్యర్థి స్వయంగా, బహిరంగంగా ఒప్పుకున్నారు."

నెల తిరక్కుండా కాలేజీ ఉత్తర్వు వచ్చింది. సర్వేశ్వరరావు పదోన్నతిని తోసిపుచ్చారు. అచ్చియమ్మకి డిగ్రీ లేదని మేడమ్ నివేదికలో రాసింది గానీ, అన్ని అంకెల ముందు డిగ్రీ ఏపాటిదని కమిటీ తేల్చి, ఆవిడని గౌరవ ప్రొఫెసర్‌గా నియమించింది. ఆ కాగితం కొండెక్కించి, చదివి వినిపించే పని కూడా సర్వేశ్వరరావు మీదే పడింది.

అచ్చియమ్మ అంతా విని భయపడింది. "ఇంత పెద్దది నానొక్కదాన్నే ఎలాగ తింటాను? వాటాలేసీ, సోమన్నా."

సోమన్న వేశాడు. మనిషికో ఏడాది ప్రొఫెసరుగిరీ, ఎవరినీ వదలకుండా, వ్యాసంలో ఉన్న వరుసలోనే. సర్వేశ్వరరావుకీ ఒక వాటా పడింది. లెక్క చూసుకుంటే తన వంతు రిటైరైన చాలా ఏళ్ళకి గానీ రాదు. అయినా, సోమన్న కన్నా ముందే వస్తుంది.