కూతురికో చెడ్డమాట కావాలి

రహస్య పత్రాల శాఖలో చేరబోయేవారి వ్యక్తిగత ప్రవర్తన ఎలాంటిదో ఇరుగుపొరుగును అడిగి తేల్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఎంతో తెలివైన నిర్ణయం. మన గురించి మనకు కూడా తెలియని సంగతులు ఎదురింటివాళ్లకే కదా తెలిసేది!

కూతురు ఆ ఉద్యోగానికి ఎంపికైందని విన్న క్షణం నుంచీ తల్లికి గుండె దడే. ఎవరు ఎక్కడ పుల్ల పెడతారోనని ఇంటింటికీ తిరిగి గడ్డాలు పట్టుకుని బతిమాలింది. "మా అమ్మాయి బంగారం అనండి చాలు, ఇంకేం వద్దు." వీధి మాట నిలబెట్టుకుంది. విచారణాధికారి ఏ తలుపు తట్టినా "ఆ అమ్మాయి బంగారమండీ" అన్నారు.

ఆయన ముఖం గంటు పెట్టుకుని వచ్చి తల్లి ఎదుట కుర్చీ లాక్కున్నాడు.

"ఏమ్మా, వీధిలో ఒక్కరైనా ఒక్క చెడ్డమాట అనలేదు. నా సర్వీసులో ఇంత ఘోరం చూడలేదు. ఇంత పకడ్బందీగా దాచారంటే ఎంత పెద్ద తప్పయి ఉండాలి? దాచడానికేమీ లేని మనిషికి కాస్తో కూస్తో చెడ్డపేరు ఉండి తీరుతుంది, శాఖ అభిప్రాయం అదే. రేపు మళ్లీ వస్తా. అప్పటికీ ఇదే పాటైతే ఉద్యోగం మీద ఆశ వదులుకోండి."

తల్లి కాళ్లకు చెప్పులైనా లేకుండా పక్కింట్లోకి పరిగెత్తింది.

"పిన్నీ, నీకు పుణ్యముంటుంది, రేపు ఆయనొస్తే మా అమ్మాయి గురించి ఓ చెడ్డమాట చెప్పు. చిన్నదే చాలు."

"చిన్నదెందుకే పిచ్చిదానా, ఉన్నవే చెబుతా," అంది పిన్ని ఎంతో ఆప్యాయంగా. "దానికి ఒళ్లంతా పొగరని ఎప్పుడో అనుకున్నా. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నా."

మూలమీది కొట్లో టైలరమ్మ కత్తెర పక్కన పెట్టింది. "అడిగావు గనక చెబుతున్నా అక్కా. మీ పిల్ల మోసగత్తె. నడుము కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేస్తుంది. టేపునే మోసం చేసేది, ప్రభుత్వాన్ని వదులుతుందా?"

మేడమీది రిటైరైన మాస్టారు గొంతు సవరించుకున్నారు. "సమాజ శ్రేయస్సు దృష్ట్యా మౌనం వీడుతున్నానమ్మా. మీ అమ్మాయి మెట్లెక్కితే చప్పుడు కాదు. చప్పుడు కాకుండా నడిచేదెవరో నేను చెప్పాలా?"

బంగారం అనిపించడానికి గడ్డాలు పట్టుకోవలసి వచ్చింది గానీ, ఈ పనికి అడగనివాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి సాయం చేసి వెళ్లారు. మనుషుల్లో మంచితనం ఇంకా మిగిలే ఉంది.

మర్నాడు అధికారి వీధంతా తిరిగి అన్నీ విని, తృప్తిగా తలాడించాడు. "ఇప్పుడు కుదిరిందమ్మా. అందరిలాంటి పిల్లే. ఈమె చేతిలో దేశ రహస్యాలు భద్రం." అనుమతి ముద్ర కొట్టి వెళ్లిపోయాడు.

కూతురు గంతులేసింది. "అమ్మా, అయిపోయిందే! బీరువాలోంచి నా కొత్త బట్టలు తియ్యి."

తల్లి బట్టలు తీసిచ్చి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో దాచుకుంది.

"అదేంటమ్మా, తాళమెందుకు? ప్రభుత్వమే నన్ను నమ్మింది కదా!"

"ప్రభుత్వానికేం, దూరాన ఉంటుంది," అంది తల్లి కూతురి ముఖం చూడకుండా. "ఇంతమంది ఊరికే అంటారటే?"