అమ్మాజీ ముందు తెలుగు

ఆదివారం పొద్దున పదింటికి వస్తానని ఇంటి యజమానురాలు అమ్మాజీ కబురు పెట్టింది. ఆవిడ తమ్ముడి కొడుక్కి ఒక వాటా కావాలట. మోహనకృష్ణ కుటుంబాన్ని ఉంచాలో, ఖాళీ చేయించాలో ఆ రోజు తేల్చేస్తుంది. రాయపూర్ గుఢియారీలో అటు రైల్వే ఆఫీసుకూ, ఇటు కూతురి బడికీ నడిచి వెళ్ళగలిగే ఇల్లు మళ్ళీ దొరకదు. అందుకని పెసరట్లు పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపాలని భార్య త్రివేణి పొద్దున్నే పప్పు రుబ్బేసింది.

మోహనకృష్ణకు ఆ పొద్దున ఇంకో కార్యక్రమం కూడా ఉంది. పిల్లలకు నీతి ఇంట్లోనే నేర్పాలని బడి మీటింగులో ఎవరో చెప్పారు. ఆయన గుమాస్తా కాబట్టి దాన్ని కూడా ఆఫీసు పద్ధతిలో, వారానికో నియమంగా అమలు చేయదలిచాడు. తొమ్మిదేళ్ళ ఫణిశ్రీని పిలిచి మొదటి నియమం వినిపించాడు. మనిషి ముందు అనలేని మాట వెనక అనకూడదు.

"మరి నానమ్మ అమ్మాజీ ముందే తెలుగులో అంటాది కదా. అది ముందు అన్నట్టా, వెనక అన్నట్టా?" అంది ఫణిశ్రీ.

గడ్డం గీసుకుంటున్న మోహనకృష్ణ అంత లోతుకు పోలేదు. "అవతలివాళ్ళకి అర్థం కాకపోతే వెనక అన్నట్టే. అర్థమయ్యేలా చెప్పాలి," అన్నాడు.

ఆ ఇంట్లో ఇది చిన్న మాట కాదు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకు తెలుగు ఒక అదనపు గది. హిందీవాళ్ళు ఎదురుగా కూర్చున్నా సరే, అందులోకి వెళ్ళి తలుపేసుకుని ఏమైనా అనుకోవచ్చు. మోహనకృష్ణ తల్లి సూరమ్మ అయితే పగలంతా ఆ గదిలోనే ఉంటుంది. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురంలో పుట్టిన ఆవిడకు ఒడియా కూడా బాగానే వచ్చుగానీ, ఇంతవరకూ దాని అవసరం పడలేదు.

అమ్మాజీ వచ్చింది. పెసరట్టు బాగుందంది. ఇంకోటి వేయించుకుంది. మరోటి పళ్ళెంలో పడేసరికి సూరమ్మ ఆవిడకేసి ఎంతో ఆప్యాయంగా నవ్వుతూ, "ఏటే కోడలా, ఈవిడ పిండి గిన్నె కూడా నాకీసి ఎల్తాదేటి?" అంది.

ఫణిశ్రీ చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఆ మాటను హిందీలో చెప్పింది.

అమ్మాజీ నమలడం ఆపింది. మోహనకృష్ణ కంగారుగా నవ్వి, పిండి ఇంకా ఉంది, మొహమాటపడొద్దని అమ్మ అంటోందని సర్దబోయాడు. నానమ్మ అలా అనలేదని ఫణిశ్రీ హిందీలోనే దిద్దింది. దాన్ని ఊరుకోబెట్టవే, ఈవిడకి కోపం వస్తే మన సామాను రోడ్డు మీదే అని ఆయన భార్యతో తెలుగులో మొరపెట్టుకున్నాడు. అదీ హిందీలోకి వెళ్ళిపోయింది.

త్రివేణి కూతురి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది. "రాయే లోపలికి, ఛత్తు సంగతి కూడా చెప్పీసేవు," అంది.

ఈసారి ఫణిశ్రీ అవసరం రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో త్రివేణి తెలుగులో సగం హిందీ కలిసిపోయింది. ఛత్ అంటే ఇంటి కప్పని అమ్మాజీకి ఎవరూ చెప్పక్కర్లేదు. కప్పుకేమైందని అడిగింది.

అయిందేమిటంటే, టీవీ డిష్ బిగించడానికి మోహనకృష్ణ ఆవిడకు చెప్పకుండా డాబాకు కన్నాలు వేయించాడు. వాన నీళ్ళు దిగి వెనక గది గోడ ఉబ్బింది. ఆ ఉబ్బు మీద దేవుడి క్యాలెండరు తగిలించారు.

ఫణిశ్రీ వంటింటి గుమ్మంలోంచి నాన్నకేసి చూస్తోంది. ఇల్లు పోతుందన్న భయం కన్నా ఆ చూపు ముందు మోహనకృష్ణకు సిగ్గు ఎక్కువైంది. లేచి, అమ్మాజీని వెనక గదిలోకి తీసుకువెళ్ళి, క్యాలెండరు తీసి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

ఆవిడ గోడ తడిమి చూసింది. తిరిగొచ్చి కూర్చుని మిగిలిన పెసరట్టు పూర్తి చేసింది. అప్పుడు తీర్పు చెప్పింది. కప్పు బాగు చేయించాలి. వీళ్ళు ఉండొచ్చు.

త్రివేణికి కళ్ళు చెమర్చాయి. తన నీతిపాఠం ఇంత తొందరగా పనిచేస్తుందని మోహనకృష్ణ కూడా అనుకోలేదు.

"లేకిన్ బిటియా హర్ ఇత్వార్ మేరే సాథ్ చలేగీ," అంది అమ్మాజీ.

ఆ మేడలో అన్ని వాటాల్లోనూ తెలుగువాళ్ళే. తను గుమ్మంలో అడుగుపెడితే చాలు, అందరూ నవ్వుతూ ఏదో అంటారు. అదేమిటో తెలియకుండానే ఆవిడకు జుట్టు నెరిసింది. ఇక ప్రతి ఆదివారం ఫణిశ్రీని వెంటబెట్టుకుని వాటాలన్నీ తిరుగుతుందట. తమ్ముడి కొడుక్కి ఎవరి వాటా ఇవ్వాలో ఆ తర్వాతే తేలుస్తుందట.

మధ్యాహ్నానికల్లా మేడంతా ఈ వార్త పాకింది. సాయంత్రం నుంచి అక్కడ తెలుగు మహా మర్యాదగా నడుస్తోంది. చీకటిపడే వేళకు ఆడవాళ్ళందరూ డాబా మీద చేరి, సూరమ్మ దగ్గర ఒడియా నేర్చుకుంటున్నారు.

అందరికన్నా ముందు ఒడియా వచ్చేసింది ఫణిశ్రీకే.